గది ఉష్ణోగ్రత ఇరవై ఎనిమిది

మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, మా డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పిల్లల ఫిజిక్స్ రికార్డులు దిద్దుతున్నాను. దిద్దడమంటే పెద్ద పనేమీ కాదు, పేజీ తిప్పడం, సంతకం పెట్టడం. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ దాని కింద కూర్చుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. చిలకలూరిపేట ఎండలు అనుభవించినవాళ్లకి చెప్పనక్కర్లేదు, అనుభవించనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఒక రికార్డులో నీళ్లు చల్లారే ప్రయోగం పేజీ దగ్గర నా పెన్ను ఆగింది. గుండ్రటి అక్షరాలతో, కింద ఎర్ర గీత కూడా గీసి, 'గది ఉష్ణోగ్రత: 28 డిగ్రీలు' అని రాసి ఉంది. నవ్వొచ్చింది. తర్వాతి రికార్డు తీశాను, ఇరవై ఎనిమిది. ఆ తర్వాతిది, అదీ ఇరవై ఎనిమిదే. పక్క కుర్చీలో చీర కొంగుతో విసురుకుంటున్న తెలుగు మేడం "ఏంటి మేడం, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది. "ఏం లేదండీ, మన ఊళ్లో చలి ఎక్కువైందట" అన్నాను. ఆవిడ నా వైపు కొంచెం అనుమానంగా చూసి మళ్లీ విసురుకోవడం మొదలుపెట్టింది. నేను మాత్రం నాలుగో రికార్డు తెరవలేకపోయాను. ఈ ఇరవై ఎనిమిదితో నాకు పాత పరిచయం ఉంది.

పాతికేళ్ల కిందట ఇదే ఊళ్లో, హైవే పక్కన ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో నేను బీయస్సీ చదివాను. ఆ కాలేజీలో ఫిజిక్సు రికార్డు అనేది ఎవరూ రాసేది కాదు, వంశపారంపర్యంగా వచ్చేది. నాకు మా వీధి చివరి అక్క ఇచ్చింది, ఆ అక్కకి వాళ్ల సీనియర్ ఇచ్చింది, ఆ సీనియర్‌కి ఎవరిచ్చారో తెలియదు. ఎప్పుడో ఒక మూలపురుషుడు నిజంగా థర్మామీటరు పట్టుకుని, నీళ్లు కాచి, నిమిషనిమిషానికీ చూసి ఆ అంకెలు రాసి ఉంటాడు. డిసెంబరులోనో జనవరిలోనో రాసి ఉంటాడు, లేకపోతే మా ప్రాంతంలో గదిలో ఇరవై ఎనిమిది డిగ్రీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆయన పుణ్యాన మా కాలేజీలో ఏ కాలంలోనైనా, రోళ్లు పగిలే ఎండలోనైనా, గది చల్లగా ఇరవై ఎనిమిదే ఉండేది. మా పద్ధతి కూడా చెప్పాలి. ముందు జవాబు చూసుకునేవాళ్లం, తర్వాత గ్రాఫు గీసేవాళ్లం, ఆ గ్రాఫు మీద చుక్కలు పెట్టేవాళ్లం, చివరికి ఆ చుక్కల్లోంచి రీడింగులు పుట్టించేవాళ్లం. అన్ని చుక్కలూ గీత మీదే ఉంటే దొంగతనం తెలిసిపోతుందని రెండు చుక్కలు కావాలని పక్కకి జరిపేవాళ్లం. ఆ రెండు చుక్కలు ఎక్కడ పెట్టాలన్నది కూడా రికార్డుతోపాటే వంశపారంపర్యంగా వచ్చింది. ఇది తప్పని మాకు తోచలేదు. ప్రయోగమంటే ఇదేననుకున్నాం.

చివరి ఏడాది మా ప్రాక్టికల్స్‌లో ఉన్నవన్నీ ఉష్ణానికీ తరంగాలకీ సంబంధించిన ప్రయోగాలే. ల్యాబు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. కిటికీకి అవతల హైవే. మార్చి వచ్చిందంటే గుంటూరు యార్డుకి వెళ్లే మిర్చి లారీలు వరసకట్టేవి, షెడ్డులో అందరం ఒకేసారి తుమ్మేవాళ్లం. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్లేసుకుని లారీ వెళితే బల్లలు వణికేవి. సోనోమీటరు అని ఒక పెట్టె ఉంటుంది, దాని మీద బిగించిన తీగ. తీగ మీద మడిచిన చిన్న కాగితం ముక్క పెట్టి, మోగుతున్న ట్యూనింగ్ ఫోర్కుని పెట్టెకి ఆనిస్తే, పొడుగు సరిగ్గా కుదిరినచోట తీగ తనంతట తానే కంపించి కాగితాన్ని ఎగరగొడుతుంది. మా ల్యాబులో గ్రానైటు లారీ వస్తే చాలు, ఫోర్కు లేకుండానే కాగితం ఎగిరిపోయేది. అయినా ఆ ప్రయోగం ఒక్కటే నాకు ప్రాణం. మాది దూదేకుల వాళ్ల ఇల్లు. తాత మనిషంత విల్లు దూలానికి వేలాడదీసి, చెక్క గుండుతో నారిని కొడుతూ పరుపుల దూది ఏకేవాడు. వసారాలో తెల్లటి పొగమంచు లేచేది. నారి వదులైతే ఆ మోత ఎట్లా బొంగురుపోతుందో, బిగిస్తే ఎట్లా సన్నబడుతుందో నాకు బడికి వెళ్లకముందే తెలుసు. క్లాసులో సారు తీగ బిగువు గురించి బోర్డు మీద సూత్రం రాస్తే, ఇది మా తాతకి తెలిసిన సంగతేగా అనుకున్నాను. వేడి గురించి మాత్రం నాకు తెలిసినదంతా రికార్డులోదే.

తాత తర్వాత విల్లు అటకెక్కింది, నాన్న జిన్నింగు మిల్లుకెళ్లాడు. లారీల్లో వచ్చిన పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, తడి ఉందా, లోపల వేడెక్కిందా అని చూసి చెప్పడం ఆయన పని. లారీలు లేనప్పుడు లోపల మిషన్ల దగ్గర పత్తి అందించడం. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లబడి ముసలివాడిలా ఉండేవాడు, తల కడుక్కున్నాక మళ్లీ మా నాన్న అయ్యేవాడు. నేను డిగ్రీలో చేరిన ఏడాది ఆయనకి దగ్గు పట్టుకుంది. మొదట్లో పత్తి సీజన్లో వచ్చి వేసవిలో పోయేది. తర్వాత వేసవిలోనూ పోలేదు. గుంటూరులో డాక్టరు ఛాతీ ఫోటో తీయించి చూసి, దూది పొడి పడటం లేదు, వెంటనే ఆ పని మానెయ్యమన్నాడు. "పిల్లది డిగ్రీ అయిపోనీండి సార్, మానేస్తా" అన్నాడు నాన్న. పేటలోనే ఒక ఇంగ్లీషు మీడియం బడివాళ్లు, డిగ్రీ పాసైతే జూన్‌లో సైన్సు టీచరుగా తీసుకుంటామని నాకు మాట ఇచ్చారు. నేను బడిలో చేరిన రోజున నాన్న మిల్లు మానేస్తాడు. ఇదీ మా ఇంట్లో ఒప్పందం. ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ నాన్న దగ్గిన ప్రతిసారీ అమ్మ నా వైపు చూసే చూపులో అది ఉండేది.

అందుకే ఆ వేసవిలో ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సహించలేదు. థియరీ తప్పితే సెప్టెంబరులో మళ్లీ రాసుకోవచ్చు. ప్రాక్టికల్ తప్పితే మాత్రం మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే. అయినా ప్రాక్టికల్ తప్పినవాళ్లని మా కాలేజీ చరిత్రలో ఎవరూ చూడలేదు. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారుకి కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలు జరిగేవి. నిమ్మకాయ సోడా, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం బస్టాండు దాకా మా ఫిజిక్స్ సారు స్కూటరు. "మీరేం భయపడొద్దమ్మా, రికార్డు కంఠతా పెట్టండి చాలు" అని సారు ధైర్యం చెప్పాడు. పెట్టాను. డెబ్భై, అరవై ఆరు, అరవై మూడు అంటూ నీళ్లు చల్లారే పట్టిక ముప్పై ఎనిమిది దాకా కంఠతా పెట్టాను. సోనోమీటరు ఒక్కటే పెట్టలేదు, అది చేతనవును గనక. పరీక్షలో ఎవరికి ఏ ప్రయోగమో చీటీలు తీసి తేల్చేవారు. అల్లా, నాకు సోనోమీటరు చీటీ ఇప్పించు, ఇంకేమీ అడగను అని దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను.

స్టీలు పళ్లెంలో మడిచిన చీటీలు. నేను తీయకుండా పళ్లెం వైపే చూస్తుంటే వెనకనున్న నా ల్యాబు జోడీ పిల్ల, చీరాల నేతవాళ్ల అమ్మాయి, "తియ్యవే, పాము ఉందా అందులో" అంది. తీశాను. నీళ్లు చల్లారే ప్రయోగం. తనకి తరంగాల ప్రయోగం వచ్చింది, గొట్టంలో నీళ్లు పైకీ కిందికీ జరుపుతూ గాలి మోగేచోట పట్టుకుని ధ్వని వేగం కట్టేది. అప్పుడే కరెంటు పోయింది. నీళ్లు కాచే హీటరు లేదు, ఫ్యాన్లు లేవు, నెత్తిన రేకులు. అటెండరు బాబాయి ఎదురుగా ఉన్న టీ కొట్టుకి పరుగెత్తి కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చాడు. నీళ్లలో కాస్త అల్లం టీ వాసన వేసింది. రాగి గిన్నెలో పోసి, థర్మామీటరు పెట్టి, స్టాప్‌వాచ్ నొక్కాను. సరిగ్గా డెబ్భై. రికార్డులో మొదటి అంకె కూడా డెబ్భైయే కావడంతో, అల్లా నా మొర విన్నాడనుకున్నాను. గది ఉష్ణోగ్రత దగ్గర ఏమీ చూడకుండా ఇరవై ఎనిమిది అని రాసేశాను. పది నిమిషాలయ్యాక చూస్తే పాదరసం అరవై ఒకటి దగ్గర ఉంది. పట్టికలో యాభై ఏడు ఉండాలి. థర్మామీటరు తప్పా, స్టాప్‌వాచ్ తప్పా, నీళ్లలో అల్లం టీ కలిసిందా అని అన్నిటినీ అనుమానించాను గానీ పట్టికని అనుమానించాలని మాత్రం తోచలేదు. అరవై ఒకటి చూసి యాభై ఏడు రాశాను. అక్కణ్ణుంచి ఇక చూడటం కూడా మానేశాను. చూస్తే భయం వేస్తోంది. చివరి గడిలో ముప్పై ఎనిమిది రాసేటప్పటికి గిన్నెలో నీళ్లు నలభై ఎనిమిది దగ్గర ఉన్నాయి.

ఎక్స్‌టర్నల్ సారు ఒంగోలు వైపు మనిషి, లావుపాటి పెద్దాయన. మెడ చుట్టూ తడి రుమాలు వేసుకుని, తుమ్ముతూ, ఒక్కో బల్ల దగ్గరా ఆగుతూ వచ్చాడు. నా కాగితం తీసుకుని చివరి వరస చూశాడు.

"ఏమ్మా, నీళ్లు ఎంతకి దిగినయ్?"

"ముప్పై ఎనిమిదికండి."

"గదిలో ఎంతుంది?"

"ఇరవై ఎనిమిదండి." నోరు దానంతట అదే అనేసింది. అంటుండగానే నా గడ్డం మీంచి చెమట చుక్క గ్రాఫు మీద పడింది.

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకుని, ఆగిపోయిన ఫ్యాను వైపు చూశాడు. "ఇరవై ఎనిమిదే ఉంటే నాకెందుకమ్మా ఈ తిప్పలు?" అన్నాడు. గిన్నెలోంచి థర్మామీటరు తీసి, తుడిచి, గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. పాదరసం మెల్లగా దిగి నలభై ఒకటి దగ్గర ఆగింది. ఇంకా దిగుతుందేమోనని నేను ఆశగా చూశాను. దిగలేదు.

"నలభై ఒక్క డిగ్రీల గదిలో నీ నీళ్లు ముప్పై ఎనిమిదికి ఎట్లా చల్లారినయ్? కొత్త కుండలో గాని పోశావా?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అంతలో మా ఫిజిక్స్ సారు పరుగులాంటి నడకతో వచ్చాడు. "సార్, మా థర్మామీటర్లు పాతవి సార్. పాడైపోయి ఉంటది. ఏమ్మా, చెప్పవేం, మధ్యలో పాడైంది కదూ?" అని నా వైపు కళ్లతో బతిమాలాడు. ఆ పెద్దాయన కూడా నా జవాబు కోసమే ఆగాడు. అవునంటే ఆయన నమ్మినట్టే తల ఊపి ముందుకి వెళ్లిపోయేవాడని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. బిర్యానీ టైం కూడా దగ్గర పడింది. 'అవునండి' అని ఒక్క మాట, దాంతో నాకు డిగ్రీ, నాన్నకి మిల్లు నుంచి విడుదల. నేను నోరు తెరిచి, "లేదండి, థర్మామీటరు మంచిదేనండి. నేనే చూడకుండా రాశాను. రికార్డులో ఉన్నది రాశాను" అన్నాను.

ఈ సంగతి విన్నవాళ్లు తర్వాతి రోజుల్లో నన్ను చాలా మెచ్చుకున్నారు. నా పెళ్లిచూపుల్లో మా మేనమామ దీన్ని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. అది నిజాయితీ కాదు, వట్టి భయం. అబద్ధం ఆడటానికి కూడా కాస్త నిబ్బరం కావాలి, నాకు ఆ క్షణంలో అది లేదు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం దొరికి ఉంటే నాన్న దగ్గు గుర్తొచ్చేది, అబద్ధమే చెప్పి ఉండేదాన్ని.

ఆ పెద్దాయన కోప్పడలేదు. గడియారం చూసి, "ఇంకా అరగంట పైనే ఉంది. మళ్లీ చెయ్యి. ఈసారి కంటికి కనపడింది రాయి" అన్నాడు. అటెండరు బాబాయి మళ్లీ టీ కొట్టుకి పరుగెత్తాడు. అక్కడ పొయ్యి మీద పాలున్నాయట, నీళ్లు కాగేదాకా ఆగి తెచ్చేసరికి పది నిమిషాలు పోయాయి. గిన్నెలో పోసి చూస్తే అరవై రెండు. గది ఉష్ణోగ్రత నలభై ఒకటి అని రాశాను, ఆ అంకె రాయడానికి చెయ్యి మొరాయించింది. ఇక కూర్చుని చూడటం మొదలుపెట్టాను. పాదరసం నా తొందర పట్టించుకోలేదు. మొదట్లో నిమిషానికి ఒక గీత దాకా దిగింది, తర్వాత ఒక్క గీతకి రెండు నిమిషాలు తీసుకుంది. గదికీ నీళ్లకీ మధ్య తేడా తగ్గేకొద్దీ చల్లారడం కూడా నిదానిస్తుందని మూడేళ్లుగా బట్టీ పట్టిన వాక్యం అప్పుడు నా కళ్లముందు జరిగింది. ఎంత బాగుందో అనుకోబోయాను గానీ ఆ నిదానమే నన్ను ముంచుతోందని తెలుసు. యాభై ఒకటి దగ్గర ఉండగా గంట కొట్టారు. పట్టిక సగం, గ్రాఫు లేదు, జవాబు లేదు. పెద్దాయన ఆ సగం పట్టికని కొంచెంసేపు చూసి, "మొదటే ఇట్లా చేసుంటే బాగుండేది కదమ్మా" అని సంతకం పెట్టాడు. నా జోడీ పిల్ల కూడా తన కాగితంలో ఇరవై ఎనిమిదే రాసింది, ధ్వని వేగం దాంతోనే కట్టింది. ఆమె బల్ల దాకా ఆయన వెళ్లనేలేదు. ఆమెకి మంచి మార్కులు వచ్చాయి, నాకేం అసూయ లేదు, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం.

ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఏమో, పాస్ చేస్తాడేమో, మంచివాడిలాగే ఉన్నాడు అని పొద్దున అనుకునేదాన్ని. సాయంత్రం నాన్న సైకిలు చప్పుడుకి ముందు ఆయన దగ్గు వీధిలోంచి వినపడేది, ఆ ఆశ కాస్తా పోయేది. బడివాళ్లు కబురు పంపారు, క్లాసులు కూడా కేటాయించామన్నారు. అమ్మ నాకోసం రెండు నేత చీరలు తెప్పించింది. జూన్ మొదట్లో కాలేజీ బోర్డు మీద జాబితా పెట్టారు. థియరీ అన్నీ పాసు, ఫిజిక్స్ ప్రాక్టికల్ ఒక్కటే తప్పాను. మా కాలేజీలో ప్రాక్టికల్ తప్పిన మొదటి మనిషిని నేనే.

నాన్న పెరట్లో కుళాయి దగ్గర తల కడుక్కుంటుంటే వెళ్లి చెప్పాను. ఆయన నీళ్లు కట్టేసి, తలెత్తి చూశాడు.

"ఏం తప్పు రాశావమ్మా?"

"గదిలో వేడి ఎంతుందో చూడకుండా రాశాను నాన్నా."

"చూడకుండా ఎట్టా రాశావే?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. రోజుకి ఇరవై లారీల్లో చెయ్యి దూర్చి చూసే మనిషి. నేను ఏడవడం మొదలుపెట్టాక తువ్వాలు నా చేతిలో పెట్టి, "పోనీలే. ఒక్క సీజనేగా" అన్నాడు. అమ్మ చీరలు మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. వానలు పడేదాకా కరెంటు పోయినప్పుడల్లా నాన్న విసనకర్ర ఊపుతూ, "ఏమ్మా, ఇరవై ఎనిమిదేనా?" అని నన్ను ఆటపట్టించాడు. నేను నవ్వితే ఆయనా నవ్వేవాడు, ఆ నవ్వు దగ్గులో పడేది, నాకు నవ్వినందుకు భయం వేసేది.

ఆ ఏడాది పత్తి కాలంలో వానలు పడ్డాయి. తడిసిన పత్తి, వేడెక్కిన పత్తి, లారీలు ఆగకుండా వచ్చాయి. సీజన్ అయ్యేసరికి నాన్న సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వచ్చేవాడు. మరుసటి వేసవిలో మళ్లీ పరీక్ష రాశాను, ఏ ప్రయోగం వచ్చిందో ఎట్లా చేశానో చెప్పుకునేంత విశేషమేమీ లేదు, పాసయ్యాను. జూన్‌లో బడిలో చేరాను. ఆ రోజే నాన్న మిల్లు మానేశాడు. మాట తప్పలేదు. దగ్గు మాత్రం మానలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు గానీ వీధి చివరిదాకా వెళ్లాలంటే రెండు అరుగుల మీద ఆగి కూర్చోవలసిందే. ఒకసారి గుంటూరు డాక్టరుని పక్కకి పిలిచి, ఆ ఒక్క ఏడాది ముందే మానేసి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. "ఎవరు చెప్పగలరమ్మా" అన్నాడు. అవునన్నా బాగుండేది, లేదన్నా బాగుండేది.

బడిలో కొన్నేళ్లు, ఎమ్మెస్సీ చేశాక ఈ కాలేజీలో, ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకి ఉష్ణం, తరంగాలు చెప్పానో లెక్కలేదు. ఈ ఏడాది నాకు నలభై అయిదు నిండాయి. తువ్వాలు నా చేతిలో పెట్టిన రోజున నాన్నకీ అంతే వయసు. ఇరవయ్యేళ్లప్పుడు ఏడాదంటే నాకు ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య దూరం, అంతే. ఇప్పుడు మెట్లెక్కి ఆయాసంతో ఆగినప్పుడు తెలుస్తోంది, నలభై అయిదేళ్ల మనిషికి ఏడాదంటే ఎంతో, అది తెలిసి కూడా 'ఒక్క సీజనేగా' అనడానికి ఏం కావాలో.